ఖుల్ఫా భాజీ, సరతాన్, మా ఫుప్పు

పోయిన జుమా నాడు మా ఖాలా బిడ్డ సంగారెడ్డి నుంచి ఫోన్ చేసింది. "ఆపా, గ్రూపుల ఒక మెసేజ్ వచ్చింది, చూసినవా? ఖుల్ఫా రసం నలభై రోజులు పరగడుపున తాగితే సరతాన్ జడతో సహా పోతదంట. మా సాసుమాకు వచ్చే వారం కీమో మొదలుపెడతమన్నరు. ముందుగాల ఇది చేసి చూద్దమా? ఆకే కదా ఆపా, నుక్సాన్ ఏముంటది?"

నాకు కాసేపు నోట మాట రాలేదు. "కీమో తారీఖ్ మాత్రం మార్చకు బేటా. మిగతాది నేను రాసి పంపిస్త" అని పెట్టేశాను. బడిలో పిల్లలకు తారీఖ్ పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. నాకు ఏ సవాల్‌కైనా జవాబు వెనక నుంచి చెప్పడమే అలవాటు. రాస్తూ పోతే జవాబు పొడుగైంది. ఇట్లాంటి మెసేజ్‌లు మీ ఇళ్లలోకీ వస్తుంటాయి కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఆకు సంగతి. మా నానీమాది జహీరాబాద్ దగ్గర ఊరు. తొలకరి పడ్డ పది రోజులకే ఎర్ర చెల్కల్లో ఖుల్ఫా నేలకు అతుక్కుని పాకేది. ఎర్రటి కాడలు, చిన్న చిన్న మందపాటి ఆకులు, పసుపు పూలు. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. పొరుగింటి వాళ్లు గంగవాయిలి కూర అనేవాళ్లు. ఆంధ్ర వైపు పావిలికూర అంటారు. తిబ్ కితాబుల్లో ఖుర్ఫా అని ఉంటుంది. మన ఇళ్లలో నోరు తిరిగి ఖుల్ఫా అయింది.

దాల్‌లోకైతే నానీమా ఫజర్ నమాజ్ కాగానే పోయి తెంపుకొచ్చేది. గోష్త్‌లోకైతే అసర్ తర్వాత. "పొద్దుటి ఆకు పులుపు, సాయంత్రం ఆకు చప్పన" అనేది. అది ఆమె వహమ్ అనుకునేదాన్ని. చాలా ఏళ్ల తర్వాత చదివితే తెలిసింది, ఎండకు తట్టుకోవడానికి ఈ మొక్క రాత్రి పూట గాలి పీల్చి మాలిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుందని, పగలు దాన్ని ఖర్చు చేసుకుంటుందని. నీళ్లు తక్కువైన కొద్దీ ఈ పని ఎక్కువ చేస్తుంది. అందుకే పొద్దున పులుపు. నానీమా ఏ కాలేజీకీ పోలేదు. ఆమె నాలుకకు మాత్రం ఆ హిసాబ్ తెలుసు.

ఖుల్ఫా ఒక్కటే కాదు. తుమ్మికూర, పొన్నగంటి, చెంచలి కూర, దొగ్గలి కూర, గునుగు, అన్నీ పొలం గట్ల మీద, పంట సాళ్ల మధ్య వాటంతట అవే మొలిచేవి. వాటిని ఏరేది కూలికి పోయే ఆడవాళ్లు. మాల మాదిగ వాడల ఆడవాళ్లు, వాళ్ల పక్కనే మన గరీబ్ ఇళ్ల ఆడవాళ్లు. మెహమాన్లు వస్తే మాత్రం వాటిని దస్తర్‌ఖాన్ మీద పెట్టేవాళ్లం కాదు. బజారు పాలక్ మెహమాన్లకు, ఖుల్ఫా మనకు. అదే జహీరాబాద్ ప్రాంతంలో 1980ల నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువగా దళిత రైతులు, ఇవి కలుపు కాదు, మా పిల్లల తిండి అని గట్టిగా చెబుతూ వచ్చారు. పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగారు. కలుపు మందు కొట్టిన చేను ఈ కూరలకు కబ్రస్తానే. ఆ మాట వాళ్లు మనకంటే ముందు గ్రహించారు.

ఇప్పుడు హకీముల దగ్గరికి పోదాం. అరబ్బీలో ఖుల్ఫాకు ఉన్న పాత పేరు బఖ్లతుల్ హమ్ఖా. అంటే అహ్మఖ్ కూర, బుద్ధిలేని కూర. నీళ్లు పారే దారిలో, జనం నడిచే బాటలో మొలిచి కొట్టుకుపోతుంది, తొక్కుడు పడుతుంది కాబట్టి ఆ పేరు. ఈ బుద్ధిలేని కూరను పెద్ద పెద్ద అఖల్‌మందులు తమ కితాబుల్లోకి ఎక్కించుకున్నారు.

వాళ్లలో ఒకడు ఇబ్నుల్ బైతార్. అందలూస్‌లోని మాలఖాలో 12వ శతాబ్దం చివర పుట్టాడు. సెవిల్లెలో అబుల్ అబ్బాస్ అన్నబాతీ దగ్గర షాగిర్ద్‌గా ఉన్నాడు. తర్వాత ఇల్లు వదిలి ఉత్తర ఆఫ్రికా మీదుగా ఈజిప్టు చేరాడు. అయ్యూబీ సుల్తాన్ అల్ కామిల్ దగ్గర మూలికల పెద్దగా పనిచేశాడు. 1248లో దమిష్క్‌లో వఫాత్ అయ్యాడు. ఆయన పెద్ద కితాబ్‌లో దాదాపు 1,400 మందులు, ఆహారాలు అక్షర క్రమంలో ఉన్నాయి. దాని పేరులోనే దవా, గిజా రెండూ పక్కపక్కన ఉంటాయి. మన ఖుల్ఫా కూడా అందులో ఉంది. ఎవరు ఏం చెప్పారో వాళ్ల పేరుతో రాశాడు, తాను కళ్లారా చూసింది విడిగా రాశాడు. ఇవాళ మెసేజ్ పంపేవాళ్లు ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ముందు ఇదే. ఈ మాట ఎవరన్నది? చూసి అన్నదా, విని అన్నదా?

ఆయనకు 200 ఏళ్ల ముందు ఇబ్న్ సీనా. కాస్నీ ఆకును అరబ్బీలో హిందబా అంటారు. మన యునానీ దుకాణంలో అర్ఖె కాస్నీ దొరుకుతుందే, ఆ మొక్క. దాని మీద ఇబ్న్ సీనా ఒక చిన్న రిసాలానే రాశాడు. ఆకును కడగకుండా వాడమని హకీములు ఎందుకంటారన్నది అందులో చర్చ. ఆకు పైపైన ఉండే సున్నితమైన సారం నీళ్లతో పోతుందని ఆయన వాదన. (ఇప్పుడు మీరు కడగకుండా వాడకండి. ఆయన కాలంలో పొలాల్లో పురుగు మందులు లేవు.)

ఆయన అల్ ఖానూన్‌లో సరతాన్ గురించీ రాశాడు. సరతాన్ అంటే ఎండ్రకాయ. తెలుగులో పాత పేరు రాచపుండు. చిన్నగా ఉన్నప్పుడు మొదట్లోనే పట్టుకుంటే కోసి తీసేయవచ్చు, కోస్తే చుట్టూ ఉన్నదీ వదలకుండా తీయాలి, ముదిరితే కష్టం అని ఆయన మాటల సారాంశం. అంటే వెయ్యేళ్ల కింద మన హకీమే ఆలస్యం చేయొద్దన్నాడు.

అదే కితాబ్‌లో మందును ఎట్లా పరీక్షించాలో షర్తులు పెట్టాడు. అందులో ఒకటి నాకు చాలా ఇష్టం. పరీక్ష మనిషి మీదే జరగాలి, సింహం మీదో గుర్రం మీదో చూసింది మనిషికి వర్తిస్తుందన్న భరోసా లేదు అంటాడు. దీన్ని మనసులో పెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

కొత్త జమానా సైన్స్ ఖుల్ఫాలో ఏం చూసింది? చాలానే చూసింది. 1986లో అమెరికాలో ఆర్టెమిస్ సిమోపౌలోస్ అనే డాక్టరమ్మ ఈ ఆకులో ఒమేగా-3 కొవ్వు ఉందని రాసింది. నేల మీద మొలిచే ఆకుకూరల్లో అంత ఉండటం అరుదు. 1992లో ఆమె బృందమే లెక్కలు ఇచ్చింది. 100 గ్రాముల పచ్చి ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల ఒమేగా-3, 12.2 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, 26.6 మిల్లీగ్రాముల విటమిన్ సి, 1.9 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, 14.8 మిల్లీగ్రాముల గ్లూటాథయోన్. వీటిలో ఒమేగా-3 తప్ప మిగతావన్నీ యాంటీఆక్సిడెంట్లు. మండే ఎండలో ఆకు లోపల పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు దాని కణాలను కాల్చకుండా మొక్క తన కోసం చేసుకునే కవచం అది. మన దస్తర్‌ఖాన్ మీద మనం దాన్ని పంచుకుంటున్నాం.

సరతాన్ విషయానికొస్తే, ఖుల్ఫా సారం గాజు పాత్రల్లో కేన్సర్ కణాలను ఆపిందని, ఎలుకల్లో గడ్డలను తగ్గించిందని చెప్పే పరిశోధనలు నిజంగానే ఉన్నాయి. మెసేజ్‌లు అక్కడి నుంచే పుడతాయి. కానీ గాజు పాత్రలో కణం మీద నేరుగా పోస్తే చాలా వాటికి అది చస్తుంది. బట్టల సోడా పోసినా చస్తుంది. మనం తిన్నది కడుపు దాటాలి, జిగర్ దాటాలి, రక్తంలో తగినంత మిగలాలి, మంచి కణాన్ని వదిలి చెడ్డదాన్నే పట్టుకోవాలి. ఖుల్ఫా రసం తాగి మనిషికి సరతాన్ నయమైందని రుజువు చేసిన పరీక్ష లేదు. ఇబ్న్ సీనా గుర్రం దగ్గరే ఆగిపోయాం.

మరి ఆకుకూ సరతాన్ ఇలాజ్‌కూ ఏ రిష్తా లేదా? ఉంది. అది మన ఖౌమ్ ఆడవాళ్ల దగ్గర, మన తెలుగు మనిషి దగ్గర ముడిపడి ఉంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం చాలక చనిపోతున్నారు. ఇనుము లోపం వల్ల వచ్చే మామూలు రక్తహీనత కాదు, ఇంకోరకం. ఎవరికి ఎక్కువ వస్తోందని ఆమె వంటిళ్లలోకి తొంగి చూసింది. అందరికంటే గరీబ్ ముసల్మాన్ ఆడవాళ్ల పరిస్థితి అధ్వానం. వాళ్ల తిండిలో మాంసకృత్తులు, పండ్లు, కూరగాయలు అందరికంటే తక్కువ. విల్స్ ఈస్ట్ సారంతో చేసిన మార్మైట్ పెట్టి చూస్తే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి అచ్చయింది. అందులో ఏదో ఒక పోషకం ఉంది, కానీ దాని పేరు తెలియదు.

పేరు ఆకు నుంచే వచ్చింది. 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలక్ ఆకు పిండి చిటికెడు పదార్థం తీశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి ఫోలిక్ ఆసిడ్ అన్నారు. మన గర్భిణులకు దవాఖానాల్లో ఇచ్చే గోళీలో ఉండేది అదే.

ఆకు నుంచి తీయడం మహా ఖర్చు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో తీసిన బృందం అమెరికాలోని లెడర్లీ సంస్థది. ఆ బృందాన్ని నడిపింది ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టని మర్జ్ అది. దానికి తర్వాత వాడిన మందుల్లో ఈ ఫోలిక్ ఆసిడ్ ఒకటి.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ దగ్గర లుకేమియాతో, అంటే రక్త కేన్సర్‌తో పిల్లలు చనిపోతున్నారు. ఫోలిక్ ఆసిడ్ రక్తాన్ని బాగుచేస్తుంది కదా అని దాని రూపాలను ఆ పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది. ఆకులో మంచి కణానికి బలమిచ్చే పదార్థమే కేన్సర్ కణానికీ మేత అయింది. అప్పుడు ఫార్బర్ ఉల్టా ఆలోచించాడు. ఫోలిక్ ఆసిడ్ లాగే కనిపించి, దాని చోటులో కూర్చుని, కణాన్ని మోసం చేసే మందు కావాలి. సుబ్బారావు బృందం అట్లాంటివి చేసి పంపింది. అందులో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ రాసిన దాని ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతవరకు ఆ జబ్బులో మందుతో ఎవరూ చూడనిది అది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. ఆ కుటుంబంలోనిదే మెథోట్రెక్సేట్ అనే మందు. ఇవాళ్టికీ పిల్లల లుకేమియాకు వాడుతున్నారు.

మనసు పెట్టి ఆలోచించండి. ఆకు నుంచి దవా వచ్చింది, కానీ ఆకు దవా అయి రాలేదు. దాన్ని పిండి, విడదీసి, రూపం మార్చి, మోతాదు కట్టి, మనుషుల మీద పరీక్షించి తెచ్చారు. మొదటి అడుగులో తప్పిదం కూడా జరిగింది. ఆ తప్పిదాన్ని దాచకుండా రాశారు కాబట్టే రెండో అడుగు పడింది.

యాంటీఆక్సిడెంట్ల కథలోనూ అట్లాంటి దెబ్బే ఒకటి ఉంది. కూరలు, పండ్లు ఎక్కువ తినేవాళ్లకు ఊపిరితిత్తుల కేన్సర్ తక్కువగా వస్తోందని చాలా లెక్కల్లో కనిపించింది. అయితే వాటిలోని బీటా కెరోటిన్‌ను గోళీగా ఇస్తే సరి కదా అనుకున్నారు. ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్లను తీసుకుని, వాళ్లలో కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల గోళీ ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. గోళీ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో 18,314 మందితో జరిగిన ఇంకో పరీక్షలో 28 శాతం ఎక్కువ తేలింది, దాన్ని 1996లో గడువుకు ముందే ఆపేశారు. 20 మిల్లీగ్రాములు ఖుల్ఫా నుంచి రావాలంటే రోజూ కిలో పైచిలుకు ఆకు తినాలి. ఏ దస్తర్‌ఖాన్ మీదా ఎవరూ అంత తినరు. పళ్లెంలో మేలు చేసేది గోళీలోనో లోటాడు రసంలోనో అదే పని చేస్తుందన్న గ్యారంటీ లేదు. వస్తువులను యాంటీఆక్సిడెంట్ మార్కులతో పోల్చే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన సైట్ నుంచి తీసేసింది కూడా. కంపెనీలు ఆ అంకెలను సరుకు అమ్ముకోవడానికి వాడుకుంటున్నాయని.

ఇదంతా కితాబుల తారీఖ్. ఇప్పుడు మా ఇంటి తారీఖ్.

మా ఫుప్పుకు రొమ్ములో రేగుపండంత గడ్డ తగిలింది. షరమ్ వల్ల నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి అమ్మీకి చూపించింది. నగరంలో డాక్టర్ ఆపరేషన్ అన్నాడు. ఇంట్లో అందరికీ భయం. ఆ టైంలో తెలిసినవాళ్ల ద్వారా ఒకతను వచ్చాడు. హకీమ్ సాబ్ అని పిలిపించుకునేవాడు. పేరు రాయను. కాగితం మీద నుస్ఖా రాసిచ్చాడు. పరగడుపున ఖుల్ఫా రసం, మధ్యాహ్నం ఇంకేవో పొడులు. "కత్తి పెడితే పాకుతుంది, ఆకుతోనే కరుగుతుంది" అన్నాడు. తిబ్ నేర్చినవాడైతే ఇబ్న్ సీనా ఏం రాశాడో తెలిసేది.

అప్పుడు నాకు 22 ఏళ్లు. ఫజర్ కాగానే ఆకు తెంపుకొచ్చేది నేనే. సిల్‌బట్టా మీద నూరి మల్‌మల్ గుడ్డలో పిండేది నేనే. ఫుప్పు గ్లాసు అందుకుని "నీ చేతిల షిఫా ఉన్నది బిడ్డా" అనేది. ఏడు నెలలు. మధ్యలో ఒకసారి గడ్డ మెత్తబడినట్టుందంది. మేమంతా షుకర్ చేసుకున్నాం. తర్వాత చెయ్యి వాచింది. మళ్లీ డాక్టర్ దగ్గరికి పోతే, ఇప్పుడా తెచ్చేది అన్నాడు. తర్వాతి రంజాన్‌కు ఫుప్పు లేదు.

మొదటి నెలలోనే ఆపరేషన్ చేయించి ఉంటే బతికేదా? అల్లాహ్‌కే ఎరుక. కానీ బతికే రాస్తాను మేమే మూసేశాం. ఆ గ్లాసు నా చేతి నుంచే పోయింది.

చాలా ఏళ్లు ఖుల్ఫా ముట్టలేదు. ఒకసారి నానీమా దాల్‌లో వేసి నా ముందు పెడితే పళ్లెం జరిపేశాను. ఆమె కోప్పడలేదు. "ఆకుది ఏం గల్తీ బిడ్డా? అది కూర. మనం దాన్ని డాక్టర్‌ను చేసినం" అంది. ఆ రోజు రెండు ముద్దలు తిన్నాను.

ఇప్పుడు మీకు చెప్పేది ఇది. ఖుల్ఫాను, తుమ్మిని, పొన్నగంటిని మళ్లీ దస్తర్‌ఖాన్ మీదికి తెచ్చుకోండి, మెహమాన్ల ముందు కూడా. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దావత్‌లలో గోష్త్ పక్కన ఒక భాజీ కూడా లేకపోవడం చూస్తుంటే నాకు లూసీ విల్స్ చూసిన బొంబాయి వంటిళ్లు గుర్తొస్తాయి. ఆకుకూర ఎక్కువసేపు ఉడికిస్తే ఫోలేట్ పోతుంది, దించే ముందు వేయండి. మోరీ పక్కన, రోడ్డు పక్కన మొలిచింది తెంపకండి. ఖుల్ఫా లాగే నేల మీద పాకే ఇంకో మొక్క ఉంది, తుంచితే తెల్లటి పాలు కారుతాయి. అది తినేది కాదు. ఖుల్ఫాకు పాలు రావు. దీనిలో ఆక్సలేట్లు ఎక్కువ, కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ను అడిగి తినాలి. పెరుగుతో కలిపి తింటే ఆక్సలేట్ ఒంటికి పట్టడం తగ్గుతుంది.

కీమో నడుస్తున్నవాళ్లకు పచ్చి రసాలు వద్దు. ఆ సమయంలో ఒంట్లో ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే తాఖత్ తక్కువ ఉంటుంది. బాగా కడిగి వండినది పెట్టండి, పెట్టేముందు డాక్టర్‌కు చెప్పండి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఫోలిక్ గోళీ ఎప్పుడు వేసుకోవాలో, వేసుకోవాలో వద్దో డాక్టరే నిర్ణయించాలి. రొమ్ములో గడ్డ తగిలితే ఆ వారమే చూపించుకోండి. షరమ్ అనిపిస్తే లేడీ డాక్టర్‌ను అడగండి. ఇలాజ్ చేయించుకోవడం తవక్కుల్‌కు అడ్డు కాదు.

ఇది చదివి ఖాలా బిడ్డ మళ్లీ ఫోన్ చేసింది. కీమో అనుకున్న తారీఖ్‌కే మొదలైందట, అల్హమ్దులిల్లాహ్. సాసుమాకు నోరు చేదెక్కింది, ఏదీ తినబుద్ధి కావట్లేదట. ఖుల్ఫా దాల్ వండి పెట్టవచ్చా అని డాక్టర్‌ను అడిగితే, శుభ్రంగా వండింది ఏదైనా పెట్టమన్నాడట.

"నేను ఆదివారం వస్త బేటా" అన్నాను. "ఆకు నేనే తెస్త. పొద్దుటిది తెస్త. నోటికి కొంచెం పులుపు తగులుతది."